కప్పులు లెక్కపెడితే సరిపోదు: రిటైరైన టెన్నిస్ ప్లేయర్ కెరీర్ చదవడం ఎలా

సానియా మీర్జా గురించి ఎవరిని కదిలించినా రెండు ముక్కలు చెబుతారు. గ్రాండ్‌స్లామ్‌లు ఆరు గెలిచింది, డబుల్స్‌లో నంబర్ వన్ అయింది. రెండూ నిజమే. కానీ ఆ ఆరింట్లో మూడు టైటిళ్లు ఆమె ర్యాంకింగ్‌కి ఒక్క పాయింటు కూడా తేలేదని, ఒకసారి కప్పు గెలిచిన వారమే నంబర్ వన్ స్థానం పోయిందని చెప్పి చూడండి. "అదెలా?" అంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగితేనే మీకు ఆమె కెరీర్ తెలిసినట్టు.

నేను చాలాకాలం తెలుగు దినపత్రికలో స్పోర్ట్స్ డెస్క్ మీద పనిచేశాను. ఇంగ్లిష్‌లో వచ్చిన ఏజెన్సీ వార్తని పేజీ వదిలేలోగా తెలుగు చెయ్యడం, స్కోర్లు సరిచూడడం, కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లకి డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చూపే టోర్నీ పట్టిక, చదవడం నేర్పడం నా పని. ఈమధ్య మా అన్నయ్య మనవరాలు రిటైరైన ఆటగాళ్ల మీద వీడియోలు చేస్తానంటోంది. "నెట్‌లో అంతా ఉంది కదా చిన్నతాతా" అంది. ఉంది, చదవడం తెలిసినవాళ్లకి. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. ఉదాహరణగా సానియానే తీసుకుంటాను. హైదరాబాద్‌లో పెరిగిన మనిషి, పైగా ఆమె మ్యాచ్‌లు చాలావాటిని పేజీలో పెట్టిన అనుభవం నాకుంది. మీరు మహేశ్ భూపతినో స్టెఫీ గ్రాఫ్‌నో తీసుకున్నా పద్ధతి ఇదే.

పొడుగు నోట్‌బుక్‌తో మొదలుపెట్టండి

కంప్యూటర్లో ఎక్సెల్ షీట్ అయినా పర్వాలేదు, నాకు మాత్రం పొడుగు నోట్‌బుక్ అలవాటు. ఒక్కో సీజన్‌కి ఎదురెదురు రెండు పేజీలు వదలండి. ఎడమ పేజీలో తేదీ, టోర్నీ, కోర్టు ఏ రకం, మెయిన్ డ్రాలోకి ఎలా వచ్చింది, ఏ రౌండ్, ఎదురు ఎవరు, స్కోరు. డబుల్స్‌కి ఇంకో రంగు పెన్ను వాడి, పార్ట్‌నర్ పేరు తప్పనిసరిగా రాయండి. కుడి పేజీ ఖాళీగా ఉంచండి. గాయం, సర్జరీ, కోచ్ మార్పు, పాత ప్రత్యర్థి మళ్లీ ఎదురవడం లాంటివన్నీ అక్కడికి వస్తాయి.

మ్యాచ్‌ల జాబితా డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) వెబ్‌సైట్‌లో ప్లేయర్ పేజీలో దొరుకుతుంది. జూనియర్ ఆట, చిన్న టోర్నీలు, దేశాల జట్లు ఆడే ఫెడ్ కప్ వివరాలకి ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) సైట్ చూడాలి. ఫెడ్ కప్ అని వెతికితే దొరక్కపోతే కంగారుపడకండి, 2020లో దాని పేరు బిల్లీ జీన్ కింగ్ కప్‌గా మారింది. పాత పేపర్లు అన్నిటికన్నా చివర తియ్యండి. పేపర్లో ఊపు ఉంటుంది, వివరం సరిగ్గా ఉందో లేదో మాత్రం డ్రాతో పోల్చుకోవాల్సిందే. పేపర్లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

తేదీ దగ్గర చాలామంది పడిపోతారు. 2015 వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్ జూలై 11 శనివారం సాయంత్రం లండన్‌లో జరిగింది. అది ముగిసేసరికి మనకి అర్ధరాత్రి దాటి 12వ తేదీ వచ్చేసింది. అమెరికాలో రాత్రి మ్యాచ్ అయితే మనకి తెల్లవారాక తెలిసేది, అప్పటికి పేపర్ ఇంటి గుమ్మంలో ఉండేది. కాబట్టి మ్యాచ్ ఎక్కడ జరిగిందో అక్కడి తేదీనే రాసుకోండి.

టోర్నీల స్థాయి పేర్లు కూడా మారుతూ వచ్చాయి. 2008 దాకా టియర్ వన్, టియర్ టూ అంటూ మెట్లు ఉండేవి. 2009 నుంచి ప్రీమియర్, ఇంటర్నేషనల్ అన్నారు. 2021 నుంచి 1000, 500, 250. సానియా 2005 ఫిబ్రవరిలో గెలిచిన హైదరాబాద్ ఓపెన్ టియర్ ఫోర్. అంటే పెద్ద మెట్టు కాదు. అయినా డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది అక్కడే, ఫైనల్లో అల్యోనా బొండరెంకోని 6-4, 5-7, 6-3తో ఓడించి. స్థాయిని దాచకండి, ఘనతని తగ్గించకండి. రెండూ పక్కపక్కనే రాస్తే చదివేవాళ్లు అర్థం చేసుకుంటారు.

ఇక పేర్లు. అల్యోనాకి కేటరీనా అని చెల్లెలు ఉంది, ఆమె కూడా టూర్‌లోనే, అంటే డబ్ల్యూటీఏ టోర్నీల్లోనే, ఆడేది. ఇంటిపేరు ఒక్కటే రాసుకుంటే అక్కాచెల్లెళ్లు కలిసిపోతారు. 2020లో సానియా పక్కన ఆడిన నదియా కిచెనోక్‌కి ల్యుద్మిలా అని కవల సోదరి, ఆమెదీ డబుల్సే. 2007లో బెథనీ మాటెక్ అని కనిపించే ఆవిడా, 2017లో బెథనీ మాటెక్-శాండ్స్ అని కనిపించే ఆవిడా ఒక్కరే, మధ్యలో పెళ్లయింది. చైనా పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. 2020 హోబార్ట్ ఫైనల్లో సానియా జోడీకి ఎదురు నిలిచింది ఝాంగ్ షువాయ్, పెంగ్ షువాయ్. ఇద్దరూ షువాయ్‌లే, చుట్టరికం ఏమీ లేదు. పూర్తి పేరు రాసుకునే ఓపిక లేనివాళ్లు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది.

డ్రా కాగితం చదవడం

ప్లేయర్ పేరు పక్కన ఉండే గుర్తు చూడకుండా ఫలితం చూడకండి. అంకె ఉంటే సీడింగ్, బలమైనవాళ్లకి టోర్నీ ఇచ్చే వరస నంబర్. డబ్ల్యూసీ అంటే వైల్డ్ కార్డ్, నిర్వాహకులు ఇచ్చిన అవకాశం. క్యూ అంటే క్వాలిఫయింగ్ ఆడి గెలిచి వచ్చింది. ఎల్ఎల్ అంటే క్వాలిఫయింగ్‌లో ఓడి కూడా ఎవరో తప్పుకోవడంతో చోటు దొరికిన లక్కీ లూజర్. పీఆర్ అంటే గాయంతోనో, బిడ్డ పుట్టడం వల్లో చాలాకాలం దూరమై, పాత ర్యాంకు ఆధారంగా తిరిగి వచ్చింది అని.

2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సానియా పేరు పక్కన ఉన్నది డబ్ల్యూసీ. పద్దెనిమిదేళ్ల వైల్డ్ కార్డ్ అమ్మాయి మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడింది. జాబితాలో ఇది ఒక ఓటమి, అంతే. కానీ ఎవరితో ఓడినా ఆ గెలిచినవాళ్లు తర్వాత ఎంత దూరం వెళ్లారో కుడి పేజీలో రాయండి. ఇది నేను ట్రైనీలందరికీ చెప్పిన మాట. ఆ ఏడాది సెరెనా సెమీస్‌లో షరపోవా మీద మ్యాచ్ పాయింట్లు కాచుకుని, ఫైనల్లో డావెన్‌పోర్ట్‌ని ఓడించి కప్పు ఎత్తింది. అలాంటి సెరెనా మీద రెండో సెట్‌లో నాలుగు గేములు. ఆ తర్వాతి నెలే హైదరాబాద్ టైటిల్. ఆ వెంటనే దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవా మీద 6-4, 6-2. సెప్టెంబర్ వచ్చేసరికి యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్, అక్కడ షరపోవా ఆపింది. ఈ నాలుగూ ఒకదాని కింద ఒకటి రాస్తే ఆ ఏడాది మన ఊళ్లో ఆ గోల ఎందుకు లేచిందో తెలుస్తుంది. బట్టల మీద, మాటల మీద రేగిన రగడంతా నేను నోట్‌బుక్‌లోకి రానివ్వను. దానికి అప్పట్లో పేపర్లు ఇచ్చిన చోటే చాలా ఎక్కువ.

సెట్ 6-6 దగ్గర నిలిస్తే టైబ్రేక్ ఆడి తేలుస్తారు. స్కోరులో బ్రాకెట్ అంకె ఆ టైబ్రేక్ ఓడినవాళ్ల పాయింట్లు. 7-6(4) అంటే టైబ్రేక్ 7-4. ఆఖర్న "రిటైర్డ్" అని ఉంటే మధ్యలో తప్పుకున్నారు, గెలుపోటముల లెక్కలోకి వస్తుంది. "వాకోవర్" అంటే అసలు ఆడనేలేదు, ఆ లెక్కలోకి రాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఇవెటా బెనెసోవా మీద సానియా మ్యాచ్ పక్కన ఉన్నది రిటైర్డ్. కారణం మణికట్టు. దీని సంగతి మళ్లీ వస్తుంది.

ర్యాంకింగ్ అంటే రీఛార్జ్

ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. ర్యాంకింగ్ పాయింట్లు ఫోన్ రీఛార్జ్ లాంటివి, వ్యాలిడిటీ 52 వారాలు. ఈ ఏడాది ఒక టోర్నీలో సంపాదించిన పాయింట్లు వచ్చే ఏడాది అదే సమయానికి పోతాయి. నిలబెట్టుకోవాలంటే మళ్లీ అంత ఆడాలి. అందుకే ర్యాంకు పడిందని చూడగానే "ఆ వారం ఓడింది" అని రాయకండి. ముందు ఏడాది అదే వారం పేజీ తిరగేయండి.

సానియా సింగిల్స్‌లో అత్యుత్తమ ర్యాంకు 27. అది 2007 ఆగస్టు 27 నాటిది. ఆ ఒక్క తేదీ చూసి ఊరుకుంటే ఏమీ తెలియదు. వెనక్కి వెళ్తే ఆ వేసవి అంతా అమెరికా హార్డ్ కోర్టుల మీద ఆడిన ఆట కనిపిస్తుంది. స్టాన్‌ఫోర్డ్‌లో ఫైనల్ దాకా వెళ్లి అన్నా చక్వెతాద్జె చేతిలో ఓడింది, అక్కడే డబుల్స్ గెలిచింది. ఇప్పుడు 2008 పేజీ తియ్యండి. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్, వీనస్ విలియమ్స్‌తో. ఆ తర్వాత మణికట్టు నొప్పి, సర్జరీ. ఫ్రెంచ్ ఓపెన్ గడి ఖాళీ, యూఎస్ ఓపెన్ గడి ఖాళీ. 2007 వేసవి పాయింట్లు గడువు తీరి ఒక్కొక్కటే రాలిపోతుంటే, వాటి స్థానంలో కొత్తవి పెట్టడానికి ఆమె కోర్టులో లేదు. "సానియా సింగిల్స్‌లో ఎందుకు తగ్గింది" అని అడిగేవాళ్లకి ఈ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

ఇక కప్పు గెలిచి నంబర్ వన్ పోయిన కథ. 2016 జనవరిలో సానియా, మార్టినా హింగిస్ కలిసి బ్రిస్బేన్ టైటిల్ గెలిచారు. 2017 జనవరిలో అదే బ్రిస్బేన్‌లో సానియా మాటెక్-శాండ్స్‌తో కలిసి మళ్లీ గెలిచింది. చాంపియన్‌కి వచ్చేవి 470 పాయింట్లు. సానియాకి పాత 470 పోయి కొత్త 470 వచ్చాయి, అంటే లాభం సున్నా. పక్కనున్న మాటెక్-శాండ్స్‌కి ముందు ఏడాది ఆ టైటిల్ లేదు, కాబట్టి ఆమె లెక్క పెరిగింది. సోమవారం ర్యాంకింగ్స్ వచ్చేసరికి నంబర్ వన్ మాటెక్-శాండ్స్. 2015 ఏప్రిల్ 13న మొదలైన సానియా 91 వారాలు అలా, చేతిలో కప్పు ఉండగానే ముగిశాయి. డబుల్స్ ర్యాంకు జోడీకి కాదు, మనిషికి అని తెలియకపోతే ఈ సంగతి బుర్రకెక్కదు. ట్రైనీలకి ఎక్కడానికి చాలాసేపు పట్టేది.

డబుల్స్ చదవాలంటే పార్ట్‌నర్ల కాలమ్ చూడండి

రెండు మోకాళ్లకీ, మణికట్టుకీ సర్జరీలయ్యాక 2013లో సానియా సింగిల్స్ పూర్తిగా వదిలేసింది. దాన్ని "సింగిల్స్ చేతకాక డబుల్స్‌కి మళ్లింది" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పార్ట్‌నర్ల కాలమ్ చూస్తే ఆ మాట నిలవదు. లీజెల్ హ్యూబర్‌తో 2004లోనే హైదరాబాద్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది, అది సింగిల్స్ టైటిల్‌కన్నా ఏడాది ముందు. ఇంకా వెనక్కి పోతే 2003లో వింబుల్డన్ జూనియర్ డబుల్స్, అలీసా క్లేబనోవాతో. డబుల్స్ ఆమెకి రెండో ఇల్లు కాదు, పుట్టిల్లే.

ఆ కాలమ్‌లో ఒక పేరు కింద గీత గీసి వెంబడించడం నాకు సరదా. ఎలెనా వెస్నినాని తీసుకోండి. 2011లో సానియా పార్ట్‌నర్, ఇద్దరూ ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడారు. 2015 వింబుల్డన్ ఫైనల్లో మకరోవాతో కలిసి నెట్‌కి అవతలి వైపు నిలబడింది. అక్కడ సానియా, హింగిస్ మూడో సెట్‌లో 2-5తో వెనకబడి, 5-5 దగ్గర చీకటి పడి పైకప్పు మూసి లైట్లు వేశాక మిగిలిన రెండు గేములూ గెలిచి 5-7, 7-6(4), 7-5తో కప్పు తీసుకున్నారు. గేములు లెక్కపెడితే 19-18. ఆ తర్వాత ఆగస్టు నుంచి ఈ జోడీ వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచింది, అందులో యూఎస్ ఓపెన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండూ ఉన్నాయి. 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆ వరుసని ఆపింది ఎవరు? కసత్కినాతో కలిసి మళ్లీ వెస్నినానే, 2-6, 6-4, 10-5. ఆగస్టులో విడిపోయి, ఏడాది చివర సింగపూర్‌లో డబ్ల్యూటీఏ ఫైనల్స్ కోసం మళ్లీ కలిసిన ఈ జోడీని సెమీస్‌లో ఓడించిందీ మకరోవా, వెస్నినాలే. ఇందాకటి బ్రిస్బేన్ 2017 ఫైనల్లో ఓడిందీ వాళ్లే. ఒక్క పేరు పట్టుకుంటే ఆరేళ్ల డబుల్స్ చరిత్ర వెంట వస్తుంది.

దోహా స్కోరులో ఆ 10-5 చూశారు కదా. అది సెట్టు కాదు, మ్యాచ్ టైబ్రేక్. టూర్ టోర్నీల డబుల్స్‌లో మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఆడతారు, డ్యూస్ (40-40) దగ్గర ఒకే పాయింటుతో గేమ్ తేలిపోతుంది. అక్కడ అదృష్టం పాలు ఎక్కువ. గ్రాండ్‌స్లామ్ మహిళల డబుల్స్‌లో మూడో సెట్ మామూలుగానే ఆడతారు. ఆ లాటరీ నడిచే చోట కూడా 41 మ్యాచ్‌లు ఓడకుండా ఉండడం వింబుల్డన్ కప్పు కన్నా కష్టమని నా అభిప్రాయం. డెస్క్ మీద ఈ వాదన పెట్టి నేను గెలిచింది మాత్రం తక్కువే, కప్పు ఫొటో ముందు అంకె ఎప్పుడూ ఓడిపోతుంది.

సానియా, హింగిస్ విడిపోయిన వారాన్ని కూడా వదలకండి. 2016 ఆగస్టులో విడిపోగానే సిన్సినాటి ఫైనల్లో ఎదురెదురు పడ్డారు. సానియా, స్ట్రికోవా జోడీ హింగిస్, వాండెవె జోడీని 7-5, 6-4తో ఓడించింది. దాంతో అప్పటిదాకా ఇద్దరూ పంచుకున్న నంబర్ వన్ సానియా ఒక్కదానిదే అయింది.

పాయింట్లు రాని ఆట

ఒక ఆడ, ఒక మగ జోడీగా ఆడే మిక్స్‌డ్ డబుల్స్‌కి ర్యాంకింగ్ లేదు. 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్ భూపతితో, 2014 యూఎస్ ఓపెన్ బ్రూనో సోరెస్‌తో గెలిచింది. మొదట్లో చెప్పిన మూడు ఇవే. కప్పూ, డబ్బూ వస్తాయి, ర్యాంకు ఇంచి కూడా కదలదు.

మనవాళ్ల కెరీర్ చదివేటప్పుడు ఏషియన్ గేమ్స్‌కి విడిగా ఒక పేజీ ఉండాలి. టూర్ లెక్కల్లో అవి కనపడవు. సానియాకి అక్కడ మొత్తం ఎనిమిది పతకాలు. 2002 బుసాన్‌లో లియాండర్ పేస్‌తో మిక్స్‌డ్ కాంస్యం మొదలు. 2006 దోహాలో పేస్‌తోనే స్వర్ణం, దాంతోపాటు సింగిల్స్, టీమ్ రజతాలు. 2010 గ్వాంగ్‌ఝౌలో హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్‌తో మిక్స్‌డ్ రజతం, సింగిల్స్ కాంస్యం. 2014 ఇంచియాన్‌లో ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేనితో స్వర్ణం, ప్రార్థనా తోంబరేతో డబుల్స్ కాంస్యం. ఇంచియాన్ వెళ్లింది సీజన్ చివర్లో, తోటివాళ్లు టూర్‌లో పాయింట్లు పోగేసుకునే సమయంలో. అయినా ఆ అక్టోబర్‌లోనే సింగపూర్‌లో కారా బ్లాక్‌తో డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది, ఆఖరి మ్యాచ్ 6-1, 6-0. 2016 రియో ఒలింపిక్స్‌లో రోహన్ బోపన్నతో మిక్స్‌డ్‌లో నాలుగో స్థానం. పతకాల పట్టికలో నాలుగో స్థానం ఉండదు కాబట్టి మీ నోట్‌బుక్‌లోనైనా ఉండాలి.

అవార్డులకి అర పేజీ చాలు. అర్జున 2004, పద్మశ్రీ 2006, ఖేల్ రత్న 2015, పద్మభూషణ్ 2016. ప్రైజ్ మనీ అంకె రాస్తే దాన్ని సంపాదన అనుకోకండి. డబుల్స్‌లో అది ఇద్దరి మధ్య పంచుకునేది. ఆపైన కోచ్, ఫిజియో, విమానాలు, హోటళ్లు అన్నీ అందులోంచే పోవాలి.

ఖాళీ గడులు, ఆఖరి పేజీ

2017 అక్టోబర్ నుంచి 2020 జనవరి దాకా ఎడమ పేజీలు తెల్లగా ఉంటాయి. 2018 అక్టోబర్‌లో కొడుకు పుట్టాడు. తిరిగి వచ్చిన మొదటి టోర్నీ హోబార్ట్, కిచెనోక్‌తో టైటిల్. ఇక్కడ చాలామంది ఆగి చప్పట్లు కొట్టేస్తారు. కింది లైను కూడా చదవండి. వెంటనే జరిగిన ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండ్‌లోనే పిక్క నొప్పితో రిటైర్డ్. మార్చిలో ఫెడ్ కప్‌లో భారత్ మొదటిసారి ప్లేఆఫ్స్‌కి చేరింది. ఆ వెంటనే కోవిడ్, టూర్ మొత్తం బంద్. 2021 సెప్టెంబర్‌లో ఓస్ట్రావాలో గెలిచింది 43వ డబుల్స్ టైటిల్, అదే చివరిది. పార్ట్‌నర్ ఝాంగ్ షువాయ్, హోబార్ట్ ఫైనల్లో ఎదురు ఆడిన అమ్మాయే.

రిటైర్మెంట్‌కి ఒకే తేదీ ఉంటుందనుకోకండి. ప్రకటించిన తేదీ ఒకటి, ఆఖరి మ్యాచ్ తేదీ ఇంకొకటి. 2022 జనవరిలో ఈ సీజనే చివరిది అని చెప్పింది. ఆగస్టులో మోచేతి గాయం వల్ల యూఎస్ ఓపెన్ ఆడలేకపోయింది, అలా ముగించడం ఇష్టంలేక ఇంకొంచెం పొడిగించింది. 2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో, బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్, స్టెఫాని, మటోస్ జోడీ చేతిలో ఓటమి. పద్నాలుగేళ్ల వయసులో తన మొదటి మిక్స్‌డ్ పార్ట్‌నర్ బోపన్నేనని ఆమే అక్కడ చెప్పింది. చాలా వ్యాసాలు ఇక్కడితో ఆపేస్తాయి, బాగుంటుంది కాబట్టి. రికార్డు మాత్రం ఫిబ్రవరిలో దుబాయ్‌లో ముగుస్తుంది. మాడిసన్ కీస్‌తో కలిసి మొదటి రౌండ్, కుదెర్మెతోవా, శాంసొనోవా మీద 4-6, 0-6. ఆ సున్నా అలాగే రాయండి.

మార్చి 5న ఎల్బీ స్టేడియంలో జరిగిన వీడ్కోలు మ్యాచ్ ఎగ్జిబిషన్, కాబట్టి ఎడమ పేజీలోకి రాదు. కుడి పేజీలో ఎవరెవరు వచ్చారో రాసుకుని, పాత పేజీలతో సరిపోల్చుకోండి. బోపన్న, కారా బ్లాక్, మాటెక్-శాండ్స్ పార్ట్‌నర్ల కాలమ్‌లో దొరుకుతారు. మరియన్ బర్తోలీ పేరు కోసం మాత్రం 2005 యూఎస్ ఓపెన్ మూడో రౌండ్ దగ్గర, ప్రత్యర్థి గడిలో వెతకాలి.